విమానం వేళకు కదలాలంటే: గన్నవరం ర్యాంప్ మీద కాక్‌పిట్‌తో పేచీ లేకుండా పనిచేయడం ఎలా

గన్నవరం విమానాశ్రయంలో ఏదైనా విమానయాన సంస్థ తరఫున ర్యాంప్ (విమానాలు నిలిచే ఆవరణ) మీద గానీ, ఆపరేషన్స్ గదిలో గానీ కొత్తగా చేరినవారికి తొలి నెలలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. విమానం 12 నిమిషాలు ఆలస్యంగా కదులుతుంది. సామాను ఎక్కించడం పూర్తికాలేదు కాబట్టి ఆగవలసి వచ్చిందని కెప్టెన్ అంటారు. సామాను ఎప్పుడో ఎక్కిందని, కాక్‌పిట్ నుంచే అనుమతి రాలేదని లోడర్ల సూపర్‌వైజరు అంటారు. ఈలోగా సంస్థ కంట్రోల్ సెంటర్ నుంచి ఫోన్ వస్తుంది: "కారణం ఏమని రాయమంటారు?" అప్పుడు మీరు అడకత్తెరలో పోకచెక్క అవుతారు. తగవంతా ఆ 12 నిమిషాలు ఎవరి ఖాతాలో పడతాయన్న దగ్గరే ఉంటుంది. ఆ ఖాతాను నిజాయతీగా, అక్కడికక్కడే, ఇద్దరూ ఒప్పుకునేలా రాయగలిగితే మిగతా గొడవ చాలావరకు పుట్టదని నా నమ్మకం. దానికి ఏం చేయాలో పని జరిగే వరుసలోనే చెబుతాను.

ముందుగా రెండు పక్షాల స్థితిని తెలుసుకోండి. స్టేషన్ (విమానాశ్రయంలోని సంస్థ విభాగం) సిబ్బంది పనితీరును నెలాఖరున ఎన్ని విమానాలు వేళకు కదిలాయన్న లెక్కతో కొలుస్తారు. కెప్టెన్‌కు ఆ లెక్క అంత పెద్ద విషయం కాదు. విమానంలో ఏం జరిగినా చట్టం ముందు జవాబు చెప్పవలసినది ఆయనే, లేదా ఆమే. విమానం విషయంలో తుది అధికారం దాన్ని నడిపించే కమాండర్‌దేనని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రెండో అనుబంధం స్పష్టంగా చెబుతుంది. ఒకరిది గడియారపు బాధ్యత, మరొకరిది ప్రాణాల బాధ్యత. మీరు మాట్లాడే ప్రతి మాటా ఈ తేడాను గుర్తుంచుకుని మాట్లాడాలి.

1. గడియారం ఒకటే పెట్టుకోండి

టికెట్ మీద ముద్రించిన బయలుదేరే సమయం విమానం పార్కింగ్ స్టాండ్ నుంచి కదలవలసిన సమయం, నేల విడిచే సమయం కాదు. చక్రాలు కదలకుండా పెట్టే చాక్స్ అనే దిమ్మెలు తీసి, పార్కింగ్ బ్రేక్ వదిలి విమానం కదిలిన క్షణాన్ని ఆఫ్ బ్లాక్ అంటారు. ఆలస్యం లెక్కించేది అక్కడి నుంచే. ఆ సమయం తర్వాత 15 నిమిషాల లోపు కదిలినా వేళకు బయలుదేరినట్టే పరిగణించడం పరిశ్రమలో వాడుక. అయినా చాలా సంస్థలు తమ లోపలి లెక్కకు సున్నా నిమిషాలనే గురిగా పెట్టుకుంటాయి. అందుకే బయటివారికి అర్థంలేనిదిగా కనిపించే 3 నిమిషాల మీద కూడా ర్యాంప్ మీద మాటలు పెరుగుతాయి.

ఇందులో సగం మాటలు గడియారాల తేడా వల్ల వచ్చేవే. చాలా జెట్ విమానాలు తలుపులు మూసిన సమయాన్నీ, బ్రేక్ వదిలిన సమయాన్నీ తమంతట తామే పంపుతాయి. ఆ సదుపాయం లేనిచోట సమయం మీ చేతి గడియారాన్ని బట్టో, కెప్టెన్ రాసుకున్నదాన్ని బట్టో నమోదవుతుంది. డ్యూటీ ఎక్కగానే మీ గడియారాన్ని సెకనుతో సహా సరిచేసుకోండి. కాగితాలన్నీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి కాబట్టి 5 గంటల 30 నిమిషాల తేడాను నోటికి పట్టించుకోండి. ఉదయం 6:10 అంటే యూటీసీలో 00:40. తెల్లవారుజామున 5:30 లోపు బయలుదేరే విమానానికి యూటీసీ ప్రకారం తేదీ కూడా ముందురోజుదే అవుతుంది. కొత్తవారు పొరపాటు పడేది ఎక్కువగా ఇక్కడే.

2. వెనక్కి లెక్కవేసి, రాగల ఆలస్యాన్ని ముందే చెప్పండి

డ్యూటీ మొదట్లోనే ప్రతి విమానానికీ బయలుదేరే సమయం నుంచి వెనక్కి లెక్క కట్టండి. దేశీయ విమానానికి సాధారణంగా చెకిన్ కౌంటర్ 60 నిమిషాల ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. విమానం దిగి, ఖాళీ అయి, శుభ్రమై, మళ్లీ నిండి కదలడానికి ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి సుమారు 25 నిమిషాలు, ఎయిర్‌బస్ 320కి 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. ఇప్పుడు వచ్చే విమానాన్ని చూడండి. 7:20కి కదలవలసిన ఎయిర్‌బస్ 7:05కి గానీ స్టాండ్ చేరదని తెలిస్తే, అది 7:35 కంటే ముందు కదలదని 6:15కే చెప్పేయవచ్చు. ఆ మాట 7:18కి చెబితే కెప్టెన్‌కు అది సాకులా వినిపిస్తుంది. ముందే చెప్పిన ఆలస్యం మీద ఎవరికీ పెద్దగా కోపం రాదు.

గన్నవరానికి తనవైన కొన్ని కారణాలు ఉన్నాయి, వాటిని ఈ లెక్కలో కలపండి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పొలాల మీద నుంచి వచ్చే పొగమంచు ఉదయపు మొదటి విమానాలన్నింటినీ కలిపి ఆపేస్తుంది. వాతావరణ నివేదికలో గన్నవరానికి సంకేతం వీఓబీజెడ్; దాన్ని అరగంటకోసారి చూస్తూ, గమ్యస్థానం నివేదికను కూడా పక్కనే పెట్టుకోండి. అమరావతి పక్కనే ఉండటం వల్ల ప్రముఖుల ప్రత్యేక విమానాల రాకపోకలు ఎక్కువ, ఆ సమయంలో మిగతా విమానాలు కాసేపు ఆగవలసి వస్తుంది. రాత్రి నగరంలో బస చేసిన సిబ్బంది ఉదయాన్నే జాతీయ రహదారి మీదుగా రావాలి. బెంజ్ సర్కిల్, రామవరప్పాడు రింగు, ఎనికేపాడు, నిడమానూరు దాటి 20 కిలోమీటర్లు రావడానికి మామూలు రోజున పట్టే సమయం వేరు, దసరా రోజుల్లోనూ భవానీ దీక్షల విరమణ రోజుల్లోనూ పట్టే సమయం వేరు. ఆ రోజుల్లో క్యాబ్‌ను పావుగంట ముందుకు జరపమని ముందురోజు సాయంత్రమే ట్రావెల్స్ వారికి చెప్పడం మీ పని కాదనిపించవచ్చు. చెప్పడానికి ఒక ఫోన్ చాలు, చెప్పకపోతే మరుసటి ఉదయమంతా దాని గురించే మాట్లాడుకోవలసి వస్తుంది.

సిబ్బంది డ్యూటీ లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. వారి డ్యూటీ గడియారం విమానం కదిలినప్పుడు మొదలవదు, రిపోర్టింగ్ సమయం నుంచే మొదలవుతుంది. దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో సవరించిన నిబంధనలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచి, రాత్రి వేళల ల్యాండింగులను బాగా తగ్గించాయి. అవి 2025లో రెండు విడతలుగా అమలుకు వచ్చాయి. సాయంత్రం చివరి సర్వీసు 40 నిమిషాలు ఆలస్యమైతే అదే సిబ్బందితో తర్వాతి సెక్టారు (తర్వాతి ప్రయాణం) నడుస్తుందో లేదో తేల్చవలసినది కంట్రోల్ సెంటర్. అయినా ఆ ప్రశ్న వస్తుందని మీరు ముందే ఊహించి అడిగితే, చివరి నిమిషంలో కెప్టెన్ నోట "నా డ్యూటీ అయిపోతోంది" అన్న మాట విని ఉలిక్కిపడే పని ఉండదు.

3. విమానం దగ్గర మొదటి రెండు నిమిషాలు

దిగే ప్రయాణికులు దిగుతుండగానే కాక్‌పిట్ దగ్గరకు వెళ్లండి. పలకరించి, అయిదు ముక్కలు చెప్పండి: ఏ సమయానికి కదలాలి, ఎందరు ప్రయాణికులు, వారిలో వీల్‌చైర్ వారు ఎందరు, సామాను ఎంత, స్లాట్ ఏదైనా ఉందా. హైదరాబాద్, ఢిల్లీ, బెంగళూరు వంటి రద్దీ విమానాశ్రయాలకు వెళ్లే విమానాలకు ఒక్కోసారి టేకాఫ్ సమయాన్ని ముందే నిర్ణయించి ఇస్తారు. అది ఉన్న రోజున స్టాండ్ నుంచి త్వరగా కదిలి ప్రయోజనం లేదు, ఆలస్యంగా కదిలితే స్లాట్ పోతుంది.

తర్వాత మీరు ఒక్క ప్రశ్న అడగండి: "కెప్టెన్ గారూ, ఫైనల్ ఫ్యూయల్ ఎంత?" విమానం బరువునూ తూకాన్నీ చూపే లోడ్ షీట్ తయారీ ఆ అంకె మీదే ఆధారపడుతుంది. గమ్యంలో పొగమంచు ఉన్న రోజున కెప్టెన్ అదనపు ఇంధనం కోరడం సహజం. అప్పుడు ఏటీఆర్ వంటి చిన్న విమానంలో కొంత సామాను దించవలసి రావచ్చు. ఆ విషయం మొదటి రెండు నిమిషాల్లో తెలిస్తే సర్దుబాటు, తలుపు మూసే ముందు తెలిస్తే రభస. "అంత ఎందుకు సార్?" అని మాత్రం అడగకండి. నిజంగా కారణం తెలుసుకోవాలనుకుని అడిగినా, అవతలివారికి అది నిలదీసినట్టే వినిపిస్తుంది.

4. ఎండాకాలపు బోర్డింగ్

మే నెలలో గన్నవరం ర్యాంప్ మీద నిలబడినవారికి ఈ భాగం ఎందుకు పెంచి రాస్తున్నానో చెప్పనక్కరలేదు. ప్రయాణికులను వీలైనంత త్వరగా ఎక్కించాలని గేటు దగ్గరివారు తొందరపడతారు, క్యాబిన్ చల్లబడేదాకా ఎవరినీ పంపవద్దని సిబ్బంది అంటారు. ఎయిర్‌బస్‌లో తోకభాగంలో ఉండే చిన్న సహాయక ఇంజిన్ ఏసీని నడుపుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. ఏటీఆర్‌లో ఆ ఇంజిన్ ఉండదు. దాని బదులు కుడి ఇంజిన్‌ను నడుపుతూ ప్రొపెల్లర్‌ను మాత్రం బ్రేకు వేసి ఆపుతారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. వెనుక నుంచి గాలి ఎక్కువగా వీస్తున్నప్పుడు, ఇంధనం నింపుతున్నప్పుడు అది అన్నిసార్లూ కుదరదు. అందువల్ల గ్రౌండ్ ఏసీ యంత్రం రాకుండా మిట్టమధ్యాహ్నం 78 మందిని ఏటీఆర్‌లో కూర్చోబెట్టడమంటే చంటిబిడ్డలనూ, పెద్దవారినీ ఉడకబెట్టడమే. క్యాబిన్ సిబ్బంది "వద్దు" అన్నప్పుడు అది మొండితనం కాదని మీరు గేటువారికి చెప్పగలగాలి. అలా చెప్పాలంటే ఏసీ యంత్రం విమానం వచ్చేసరికే స్టాండ్ దగ్గర ఉందో లేదో మీరు చూసి ఉండాలి.

ఏటీఆర్‌లో మరో సంగతి ఉంది. ప్రయాణికులు వెనుక తలుపు గుండా ఎక్కుతారు, సామాను తలుపు ముందువైపు ఉంటుంది. ముందు సామాను ఎక్కకుండా వెనుక జనం గుంపుగా చేరితే బరువు తోక వైపు లాగుతుంది. తోక కింద ఊతకర్ర పెట్టేది అందుకే. కాబట్టి బోర్డింగ్, లోడింగ్ ఒకదాన్నొకటి చూసుకుంటూ సాగాలి. బోర్డింగ్ మొదలుపెట్టమని మీరు వాకీటాకీలో చెప్పే ముందు లోడర్ల వైపు ఒకసారి చూడండి. బోర్డింగ్‌కు అనుమతి ఇచ్చిన సమయాన్నీ, ఇచ్చినవారినీ చేతిలోని కాగితం మీద రాసుకోండి. తర్వాత డిలే కోడ్ (ఆలస్యానికి కారణం చెప్పే సంఖ్య) రాసే దగ్గర ఈ ఒక్క గీతే మిమ్మల్ని కాపాడుతుంది.

5. లోడ్ షీట్

కెప్టెన్ సంతకం చేసే లోడ్ షీట్‌లో తప్పుంటే దాని ఫలితం గాలిలో తెలుస్తుంది. అందుకే ఆయన దాన్ని రెండోసారి చదువుతున్నప్పుడు మీ గడియారం వైపు చూడకండి. గేటు లెక్కకూ, క్యాబిన్‌లో తలలు లెక్కపెట్టినదానికీ ఒక్కరు తేడా వచ్చినా కదలడానికి వీల్లేదు. చెకిన్ చేసి సామాను ఇచ్చి గేటుకు రాని ప్రయాణికుడి పెట్టెను వెతికి దించాలి. ఆ పెట్టె ఏ వరుసలో ఉందో లోడర్లకు ముందే గుర్తుంటే అయిదు నిమిషాల పని, లేకపోతే పావుగంట పడుతుంది. చివరి నిమిషపు మార్పులను సంస్థ అనుమతించిన పరిమితి లోపల చేత్తో దిద్దవచ్చు, దాటితే కొత్త షీట్ తీయాలి. "ఇద్దరే కదా సార్, దిద్దేద్దాం" అన్న మాట మీ నోట రాకూడదు. చిన్న విమానంలో ఆ ఇద్దరు ముందు కూర్చున్నారా, వెనుక కూర్చున్నారా అన్నదాన్ని బట్టి కూడా తూకం మారుతుంది.

6. సమయం అడిగితే నిజమైన సమయం చెప్పండి

"ఇంకెంతసేపు?" అని కాక్‌పిట్ నుంచి అడిగితే "రెండు నిమిషాలు సార్" అనడం మన ర్యాంప్‌ల మీద పాతుకుపోయిన అలవాటు. ఆ రెండు నిమిషాలు గడిచాక మళ్లీ రెండు, ఆ తర్వాత మరో రెండు. మూడోసారికి మీ మాట మీద నమ్మకం పోతుంది, తర్వాత మీరు నిజం చెప్పినా వినరు. దానికి బదులు కారణంతో కలిపి చెప్పండి: "కెప్టెన్ గారూ, ఇంకా 22 పెట్టెలు ఎక్కాలి, 8 నిమిషాలు పడుతుంది, మారితే నేనే వచ్చి చెబుతాను." ఆ 8 నిమిషాల్లో వారు క్యాబిన్‌కు ఒక ప్రకటన చేయవచ్చు, కంట్రోల్ టవర్‌తో స్టార్టప్ సమయం మాట్లాడుకోవచ్చు, లేదా ఊరికే ప్రశాంతంగా కూర్చోవచ్చు.

దీనికి అవతలి వైపు ఒక చెడ్డ అలవాటు ఉంది: తలుపులు మూసి, బ్రేకు వదిలించి, నాలుగడుగులు కదిలించి సమయం నమోదు చేయించడం. లెక్కలో విమానం వేళకు కదిలినట్టు ఉంటుంది, ప్రయాణికులు మాత్రం స్టాండ్ పక్కనే అరగంట కూర్చుంటారు. నెలాఖరు దగ్గరపడేకొద్దీ పైనుంచి ఇటువంటి సూచనలు రావచ్చు. దయచేసి మీ నోటితో కెప్టెన్‌ను ఆ కోరిక కోరకండి. స్లాట్ లేదని, ప్రముఖుల విమానం దిగుతోందని తెలిసి కూడా అడిగితే, ఆ తర్వాత మీరు చెప్పే ఏ సమయాన్నీ సిబ్బంది నమ్మరు.

7. కెప్టెన్ "కాదు" అన్నప్పుడు

అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఇదే. ఒక లోపం సరిచేసేదాకా కదలనని, వాతావరణం తేలేదాకా ఆగుతానని, లేదా అలసిపోయానని, డ్యూటీ పొడిగించుకోనని కెప్టెన్ చెబుతారు. అనుకోని పరిస్థితుల్లో డ్యూటీ సమయాన్ని కొంత పొడిగించుకునే విచక్షణ నిబంధనల ప్రకారం కమాండర్‌ది. విచక్షణ అన్నాక వద్దనే హక్కు కూడా అందులోనే ఉంది. ఆ క్షణాన మీరు చేయవలసిన పనులు మూడే. నిర్ణయాన్ని మరోసారి అడిగి స్పష్టంగా వినండి. సమయం రాసుకోండి. కంట్రోల్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఫోన్‌ను కెప్టెన్ చేతికి ఇవ్వండి.

ఆ ఫోన్ ఇవ్వడమే అసలు కిటుకు. కంట్రోల్ సెంటర్ మాటను మీరు మోసుకెళ్లి, కెప్టెన్ మాటను మీరు మోసుకొస్తే రెండు వైపులా మాటలు మారిపోతాయి, చివరికి ఇద్దరికీ మీరే దొరుకుతారు. "అలసటగా ఉందట" అని మీరు చెప్పే తీరులో ఉండే ఆ "అట" ఒక్కటి చాలు, మనిషి పరువు తీయడానికి.

ఆపరేషన్స్ వత్తిడి ఎంత దూరం తీసుకుపోగలదో తెలియడానికి కెనడాలోని డ్రైడెన్ ఉదంతం ప్రతి కొత్త ఉద్యోగీ చదవదగ్గది. 1989 మార్చి 10న ఎయిర్ ఒంటారియో సంస్థ ఫాకర్ ఎఫ్-28 విమానం థండర్ బే నుంచి డ్రైడెన్ మీదుగా విన్నిపెగ్ వెళ్లాలి. రద్దయిన వేరే సర్వీసుకు చెందిన 10 మందిని అదనంగా ఎక్కించడంతో బరువు మించింది. కెప్టెన్ ఆ ప్రయాణికులను దించుదామన్నారు. ఆపరేషన్స్ కేంద్రం వారిని ఉంచి ఇంధనం తీయమంది. ఆ పనితో ఆలస్యం పెరిగింది, తీసిన ఇంధనాన్ని మళ్లీ డ్రైడెన్‌లో నింపుకోవలసి వచ్చింది. ప్రధాన ఇంజిన్లను స్టార్ట్ చేయడానికి వాడే సహాయక ఇంజిన్ ఆ విమానంలో పనిచేయడం లేదు. డ్రైడెన్‌లో బయటి నుంచి ఇంజిన్ స్టార్ట్ చేసే యంత్రం లేదు. కాబట్టి ఇంజిన్ ఆపకుండానే ఇంధనం నింపారు. ఇంజిన్ తిరుగుతుండగా రెక్కల మీది మంచును తొలగించే పని చేయకూడదన్నది నియమం, మంచు మాత్రం కురుస్తూనే ఉంది. విన్నిపెగ్‌లో తర్వాతి విమానాలు అందుకోవలసిన ప్రయాణికుల గురించిన ఆందోళన కెప్టెన్ మీద అప్పటికే ఉంది. విమానం టేకాఫ్ అయిన వెంటనే కూలి, అందులోని 69 మందిలో 24 మంది మరణించారు. జస్టిస్ మోషాన్‌స్కీ విచారణ సంఘం తప్పును ఒక్క పైలట్ మీద వదిలేయకుండా సంస్థ పనితీరునూ, నియంత్రణ వ్యవస్థనూ మూలం దాకా తవ్వింది. ఇందులో ఒక్కొక్క నిర్ణయాన్ని విడిగా చూస్తే మన ర్యాంప్ మీద ఏ రోజైనా జరగగలిగేదే.

మన దగ్గర మంచు కురవదు. ఎండకు గాలి బాగా వేడెక్కినప్పుడు టేకాఫ్ బరువును తగ్గించవలసి రావడం మాత్రం మన దగ్గర ఉన్నదే. "సామాను దించుదామా, ఇంధనం తీద్దామా" అన్న ప్రశ్న గన్నవరంలోనూ వస్తుంది. వచ్చినప్పుడు కెప్టెన్ మాటకు ముందు అవకాశం ఇవ్వండి.

8. డిలే కోడ్‌ను తలుపు మూయక ముందే తేల్చండి

ప్రతి ఆలస్యానికీ అంతర్జాతీయంగా వాడే రెండంకెల కోడ్ ఉంటుంది. మీకు తరచూ అవసరమయ్యేవి కొన్నే. 15 అంటే బోర్డింగ్‌లో తేడాలు, గేటుకు రాని ప్రయాణికులు. 31 లోడ్ షీట్ వంటి పత్రాల ఆలస్యం, 32 సామాను ఎక్కించడం దించడం, 36 ఇంధనం. 63 సిబ్బంది విమానం దగ్గరకు ఆలస్యంగా రావడం లేదా బయలుదేరే ముందు చేసే పనుల్లో ఆలస్యం. 65 కాక్‌పిట్ సిబ్బంది ప్రత్యేక కోరిక, 66 క్యాబిన్ సిబ్బంది ఆలస్యం. 71 ఇక్కడి వాతావరణం, 72 గమ్యం వాతావరణం. 81 గగనతల రద్దీ వల్ల స్లాట్, 89 బయలుదేరే విమానాశ్రయంలోని ఆంక్షలు; ప్రత్యేక విమానాల కోసం ఆపడం దీని కిందికే వస్తుంది. 93 విమానమే ముందు సెక్టారు నుంచి ఆలస్యంగా రావడం.

పేచీలు పుట్టేది వీటి అంచుల దగ్గర. విమానం 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చి 28 నిమిషాలు ఆలస్యంగా కదిలిందనుకోండి. మొత్తం 28 నిమిషాలను 93 కింద తోసేయడం అందరికీ సుఖం, ఎవరికీ మాట పడదు. అసలు సంగతి మాత్రం 20 నిమిషాలే ముందు సెక్టారువి. మిగిలిన 8 నిమిషాలు గన్నవరంలో పోయాయి, వాటికి వేరే కోడ్ రాయాలి. విమానం కదిలిన సమయాన్ని తెలిపే మూవ్‌మెంట్ సందేశంలో రెండు కోడ్‌లనూ, ఒక్కొక్కదాని నిమిషాలనూ విడివిడిగా పంపవచ్చు. తిలా పాపం తలా పిడికెడు అన్న సామెతను ఎవరైనా నిష్ఠూరంగా వాడవచ్చు గానీ, ఇక్కడ అది కచ్చితమైన లెక్క.

రెండో అంచు ఇంకా సున్నితమైనది. లోడ్ షీట్ సిద్ధమయ్యాక కెప్టెన్ మరికొంత ఇంధనం అడిగారు, 10 నిమిషాలు పోయాయి. స్టేషన్ వారు 65 రాయమంటారు. కెప్టెన్ అడగడానికి కారణం అప్పుడే వచ్చిన గమ్యం వాతావరణ నివేదిక అయితే 72 రాయడమే న్యాయమని నేననుకుంటాను, ఎందుకంటే 65 చూసినవారికి కెప్టెన్ చాదస్తం కనిపిస్తుంది, వాతావరణం కనిపించదు. మూడోది క్యాబ్ సంగతి. సిబ్బంది ఆలస్యంగా వచ్చారు కాబట్టి 63 తప్పదు, అయితే క్యాబ్ హోటల్‌కు ఎన్ని గంటలకు చేరిందో వ్యాఖ్యలో రాయండి. ఆ ఒక్క వాక్యంతో మాట సిబ్బంది మీద నుంచి తొలగి బండి పంపినవారి దగ్గరకు చేరుతుంది.

కోడ్ మనసులో తేలగానే తలుపు మూయక ముందు కెప్టెన్‌కు వినిపించండి: "93కి 20 నిమిషాలు, 32కి 8 నిమిషాలు రాస్తున్నాను సార్, మీకు సమ్మతమేనా?" ఒప్పుకుంటే సరి. ఒప్పుకోకపోతే ఆయన చెప్పిన కారణాన్ని కూడా వ్యాఖ్యలో చేర్చి పంపండి; తుది నిర్ణయం ఆ రెండింటినీ చదివి పైవారు చేస్తారు. విమానం వెళ్లిపోయాక, ఆయన లేనప్పుడు, మీ సూపర్‌వైజరు చెప్పారని కోడ్ మార్చడం మాత్రం చేయవద్దు. రెండు రోజుల తర్వాత అదే కెప్టెన్ అదే స్టాండ్‌కు వస్తారు.

9. ప్రయాణికులకు చెప్పే మాట

గేటు దగ్గర "పైలట్ ఇంకా రాలేదండీ" అని చెప్పడం తేలిక. ఆ మాట విన్న 150 మంది విమానం ఎక్కుతూ అదే మాటను క్యాబిన్ సిబ్బంది ముఖాన అంటారు. ఆలస్యమైందని, అంచనా సమయం ఇదని, మళ్లీ ఫలానా సమయానికి చెబుతామని అనండి. సాంకేతిక కారణమో వాతావరణమో అయితే అది కూడా చెప్పవచ్చు, మనుషుల పేర్లు వద్దు. డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణానికి ఆలస్యం 2 గంటలు దాటితే ఆహారం, పానీయాలు ఇవ్వాలి. ప్రయాణికుడు వేళకు చెకిన్ చేసి ఉండాలి. ఆలస్యం 6 గంటలు మించుతుందని తేలితే వేరే విమానం గానీ, పూర్తి డబ్బు వాపసు గానీ ఎంచుకునే అవకాశం ఇవ్వాలి. నీళ్లు ఇవ్వడానికి మాత్రం 2 గంటలు ఆగనక్కరలేదు, ముఖ్యంగా మే నెలలో.

10. విమానం వెళ్లాక

చేతి కాగితంలోని సమయాలను ఆ రోజే రిజిస్టరులోకి ఎక్కించండి: స్టాండ్‌కు చేరినది, తలుపు తెరిచినది, శుభ్రత పూర్తయినది, ఇంధనం పూర్తయినది, బోర్డింగ్ అనుమతి, చివరి ప్రయాణికుడు, లోడ్ షీట్ సంతకం, తలుపు మూసినది, కదిలినది. వారానికోసారి వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే చోట నిమిషాలు పోతున్నాయా, ఒకే మనిషితో మాటలు వస్తున్నాయా అన్నది తెలుస్తుంది. ఒకే చోట పోతుంటే స్టేషన్ మేనేజరుకు అంకెలతో రాయండి, పేర్లు అవసరం లేదు. ఒకే సిబ్బందితో పదేపదే మాట వస్తుంటే ర్యాంప్ మీద తేల్చుకునే ప్రయత్నం చేయకండి. వారి బేస్‌లోని క్రూ మేనేజరుకు మీ మేనేజరు ద్వారా లేఖ వెళ్లాలి. భద్రతకు సంబంధించిన ఒత్తిడి ఎవరి నుంచి వచ్చినా, మీ వైపు నుంచి వచ్చినా సరే, సంస్థలోని భద్రతా నివేదిక విధానంలో పెట్టండి. అందులో పేరు చెప్పకుండా రాసే వీలు ఉంటుంది. రాసేటప్పుడు విమానం నంబరు, తేదీ, యూటీసీ సమయం మాత్రం మరచిపోకండి.